చొక్కామీది పేరు

సాయంకాలము మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పము వైపు పోవు ప్రయాణికునకు దారి పొడవునను ఒకే దృశ్యము కానవచ్చును. కోత ముగిసిన చేలలోను, బడి ఆవరణములలోను పిల్లలు మూడు కర్రలు పాతి క్రికెట్టు ఆడుచుందురు. వారు తొడిగిన చొక్కాల వీపుపై వారి పేర్లుండవు. పేరుపొందిన ఆటగాండ్ర పేర్లుండును. కుప్పము ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు కలియు చోటు. అచ్చటి పిల్లలలో ఒకనికి హైదరాబాదు జట్టు, వేరొకనికి బెంగుళూరు జట్టు, మరియొకనికి చెన్నై జట్టు ప్రాణము. జట్లు వేరైనను అభిమానము ఒక్కటియే.

ఈ అభిమానమును చూచి సంతసించు పెద్దలు కొందరు. కలవరపడు పెద్దలు కొందరు. "ఆటయే వృత్తిగా గలవారు ధనము కొరకు ఆడుదురు. వారిని చూచి పిల్లలు నేర్చునదేమి?" అని కొందరి ప్రశ్న. "వేకువనే లేచి శ్రమించుట, ఓడినను మరల నిలుచుట - ఇంతకంటె మంచి పాఠమేది?" అని తక్కినవారి సమాధానము. ఇరువురి మాటలలోను సత్యము కలదు.

పుల్లెల గోపీచంద్ మోకాలికి 1994లో పెద్ద దెబ్బ తగిలెను. శస్త్రచికిత్సలు జరిగిన కాలితోనే ఆయన మరల ఆటకు దిగెను. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండు బాడ్మింటన్ పోటీలో చైనా క్రీడాకారుడు చెన్ హాంగును ఓడించి విజేత యయ్యెను. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచిన తరువాత ఆ విజయము పొందిన రెండవ భారతీయుడాయన. పిమ్మట ఒక శీతల పానీయమునకు ప్రచారము చేయుమని పిలుపు రాగా, తాను త్రాగని దానిని ఇతరులను త్రాగుమనుట తగదని నిరాకరించెను. ఆటయే వృత్తిగా గలవాడును ధనమును వలదనగలడని అందువలన తెలియుచున్నది. ఆయన శిష్యురాలు పి.వి. సింధు 2016లో రియో ఒలింపిక్సులో రజత పతకము గెలిచెను. ఆ పోటీలకు ముందు మూడు నెలలపాటు ఆమె చేతిలో సెల్‌ఫోను లేదు. గురువు దానిని తీసికొని దాచెను. పతకమును లోకమంతయు చూచెను. ఆ మూడు నెలల నియమమును చూచినవారు కొందరే.

పెద్దల కలవరమునకును కారణము లేకపోలేదు. ఆస్ట్రేలియా క్రికెట్టు ఆటగాడు డేవిడ్ వార్నర్ 2016లో హైదరాబాదు జట్టునకు నాయకుడై ఐ.పి.ఎల్. గెలిపించెను. తెలుగు పిల్లలు ఆయనను తమవానినిగా చేసికొనిరి. 2018 మార్చిలో దక్షిణాఫ్రికాలో బంతిని ఉప్పుకాగితముతో రుద్దు పన్నాగములో ఆయనకు భాగమున్నదని తేలెను. ఆ దేశపు క్రికెట్టు సంస్థ ఆయనను ఒక సంవత్సరము ఆటకు దూరము చేసెను. ఆయన విలేకరుల యెదుట తన తప్పు ఒప్పుకొని కంటతడి పెట్టెను. 2019లో తిరిగి వచ్చి, ఆ యేటి ఐ.పి.ఎల్.లో అందరికంటె ఎక్కువగా 692 పరుగులు చేసెను.

ఆ పేరుగల చొక్కా తొడిగిన బాలుడు 2018లో ఏమి చేయవలసి యుండెను? చొక్కాను పారవేయుటయా? "అందరును చేయుదురులే" అని తప్పును సమర్థించుటయా? మొదటిది చేసినచో ఆ ఆటగాని శ్రమనుండి నేర్చినదియు పోవును. రెండవది చేసినచో తన మనస్సే మలినమగును.

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఎవరిని అనుసరించుటయు తగదనెను. తనను జగద్గురువుగా నిలుపుటకు ఏర్పడిన సంస్థను 1929లో తానే రద్దుచేసెను. ఒక బాలుని వేరొకనితో పోల్చుట హానికరమని బోధించెను. మదనపల్లె చెంతనున్న రిషీవ్యాలీ పాఠశాల ఆయన భావములతో నడుచుచున్నది. అయినను బాల్యమున ఎవరినో ఒకరిని చూడక నేర్చుట కష్టము. ఈత నేర్చువాడు ఈదువానిని చూడవలెను గదా! కావున మనిషిని మొత్తముగా నెత్తికెత్తుకొనక, అతనిలోని మంచి గుణమును ఎంచి తీసికొనవలెను.

గుణమును ఎంచుట యెట్లో పుంగనూరు ఆవు నేర్పును. అది మిక్కిలి పొట్టి పశుజాతులలో ఒకటి. పాల కొలతను మాత్రమే చూచినవారు సంకరజాతి పశువులవైపు మరలగా, ఈ జాతి అంతరించు స్థితికి వచ్చెను. దాని పాలలోని వెన్నను, కొద్ది మేతతో బ్రతుకు ఓర్పును గుర్తించిన పిదప దానికి గౌరవము హెచ్చెను. ఆటగానిని పరుగులతోను పతకములతోను మాత్రమే కొలుచుటయు ఇట్టి పొరపాటే. ఓర్పు, నియమము, నిజాయితీ తెరపైననే కాదు, ఇరుగుపొరుగునను కనబడును. తెల్లవారకముందే మదనపల్లె మార్కెట్టునకు టమాటాలు తెచ్చు రైతు శ్రమ ఏ ఆటగాని శ్రమకును తీసిపోదు.

ఒక సాయంకాలము పుంగనూరు చెంత ఆట సాగుచుండెను. బంతి బ్యాటు అంచును తాకి కీపరు చేతిలో పడెను. చప్పుడు ఎవరికిని వినబడలేదు. అంపైరుగా నిలిచిన బాలుడు వ్రేలెత్తలేదు. గెలుపునకు నాలుగు పరుగులే కావలెను. బ్యాటు పట్టినవాడు ఒక్క క్షణము నిలిచి, "తగిలింది" అని చెప్పి, బ్యాటును తరువాతివానికిచ్చి వెడలిపోయెను. అట్టి బాలునకు ఏ ఆటగాని పేరు వీపుపై నున్నను భయము లేదు.