లంక బడిలో ఒక పూట

ధవళేశ్వరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో బాలికాపాఠశాల స్థాపించిన సంగతి తలచుకొనుచు, ఆనకట్ట దాటి, గౌతమీతీరము వెంబడి కోనసీమలోనికి పోయి, రేవున నాటుపడవ యెక్కి యొక లంకగ్రామపు ప్రాథమిక పాఠశాలను చేరితిని. ఐదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులు. అందొకరు ఆనాడు శిక్షణకై బొమ్మూరు వెళ్ళియుండిరి.

మూడవ తరగతి బాలిక యొకతె తెలుగు పాఠమును రాగయుక్తముగా, తడుముకొనక చదివెను. నడిమి పంక్తిలోని మాటపై వ్రేలు నిలిపి యిది యేమని యడుగగా, మరల మొదటినుండి అందుకొని, నా వ్రేలిని దాటి పాఠము చివరివరకు పోయెను గాని ఆ మాట చెప్పలేకపోయెను. అల్ప, మధ్యాదాయ దేశములలో పదియేండ్ల పిల్లలు నూటికి 53 మంది చిన్న కథను చదివి గ్రహింపలేరని ప్రపంచ బ్యాంకు 2019లో ప్రకటించినప్పుడు వారెవరో దూరదేశీయులని మనమనుకొంటిమి.

పిమ్మట మాస్టారు నల్లబల్లపై 11.75, 13.75, 17.75 అని వ్రాసిరి. ధవళేశ్వరమున మూడు ప్రమాద హెచ్చరికలకు ఏర్పరచిన నీటిమట్టములివి, అడుగులలో. ఏటేట వరద గుమ్మమెక్కు లంకలలో పుట్టిన బిడ్డకు వీనిని వేరుగ పరిచయము చేయనక్కరలేదు.

“గోదారి పదమూడున్నర కొచ్చిందనుకో. రెండోది ఇస్తారా?”

“ఇవ్వరండి మాస్టారూ. ఇంకా పావడుగు రావాలండి!”

పలికినది ఇందాకటి బాలికయే. దశాంశములు ఆమె తరగతికి ఇంకను రాలేదు. పదమూడు ముప్పావన్న మాట మాత్రము శ్రావణ భాద్రపదములలో ఇంటింట వినబడునదే.

పరిసరములే పాఠము కావలెనని 1980లలో బ్రిటిష్ సాయముతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము బోధించినది; ఏ బిడ్డ శక్తిని బట్టి ఆ బిడ్డకు చెప్పవలెననియు, పిల్లల పనిని గోడలపై ప్రదర్శింపవలెననియు దాని సూత్రములలో నుండెను. నేను చూచిన బళ్ళలో గోడల సూత్రము చక్కగ నిలిచినది (జిగురున్న చాలును గదా!); బిడ్డల సూత్రమునకు మనుష్యులు కావలెను.

ఈ మాస్టారు ఉదయమున ఒక గంటసేపు తరగతులను చెరిపివైచి, అక్షరములు, మాటలు, వాక్యములు అని పిల్లలను గుంపులు చేయుదురట. వరద సెలవుల తరువాత అందరిని మరల పరీక్షించి గుంపులు మార్చుదురట. ఆ బాలిక ఎందున్నదని యడిగితిని.

“తెలుక్కి మాటల గుంపులోనండి. లెక్కలకి ఐదో తరగతోళ్ళతో కూర్చుంటది.”