మొదటి పాఠం మన లగూన్

మా బడికి పర్యావరణ పాఠాలు తయారుచేసే పని నాకు అప్పగించారు. చేతికిచ్చిన నమూనాలో మొదటి పాఠం మంచు ఎలుగుబంటి గురించి. మారిషస్ పిల్లలకు అది దేనికండీ?

నేను మన లగూన్‌తో మొదలుపెట్టాను. (ఈ మాటకు తెలుగు గుడి తరగతిలో నేర్పలేదు.) 2020 జులై 25న వకాషియో ఓడ పగడపు దిబ్బ ఎక్కింది. ఆగస్టులో సుమారు 1,000 టన్నుల ఆయిల్ నీళ్ళలో కలిసింది. మీకు గుర్తుండే ఉంటుంది. మాయెబూర్ ఒడ్డున జనం గుడ్డ సంచుల్లో ఎండు చెరకు ఆకులు కుక్కి, కుట్టి, ఆయిల్‌కు అడ్డం వేశారు. మన ముత్తాతలు కోసిన చెరకే!

పాఠం చివర ఒక ప్రశ్న పెట్టాను: చేపల వేట ఆగిపోయిన ఇంట్లో ఆ నెల ఎలా గడిచింది? పరీక్షకు పనికిరాదు, తీసెయ్యమన్నారు. తియ్యలేదు. ఆ ఇల్లు లేకుండా అభివృద్ధి గురించి పిల్లలకేం చెప్పను?

చెరకు పిప్పితో మిల్లుల్లో కరెంటు తీయడం రెండో పాఠం. మూడోది ఇంకా ఖాళీగా ఉంది. చెరకు ఆకు కప్పిన ఇళ్ళలో పెరిగిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఒక్క గంట మా తరగతికి తీసుకురండి. వాళ్ళు క్రియోల్‌లో చెప్పినా సరే, తెలుగులో నేను రాసుకుంటాను.