వినడమే శుశ్రూష

‘శుశ్రూష’ అనే మాటను సేవ అనే అర్థంలో వాడడం తెలుగువారికి అలవాటు. కాని సంస్కృతంలో దాని మూలార్థం అది కాదు. ‘శ్రు’ ధాతువుకు వినడమని అర్థం. వినవలెననే కోరికకు శుశ్రూష అని పేరు. ఒకరి మాట వినగోరి దగ్గర మసలేవారు వారి పనులు చేసిపెట్టడమూ సహజమే కనుక, ఆ మాటకు సేవ అనే అర్థం కూడా చేరింది. ఇంగ్లీషువారి ‘నర్స్’ పుట్టుక వేరు. లాటిన్ భాషలో పాలిచ్చి పోషించడమనే అర్థం గల ధాతువు దానికి మూలం. రోగికి అన్నపానీయాలు అందించడం, రోగి చెప్పేది ఆలకించడం, ఈ రెండూ సాధారణంగా ఒకే చేతి మీదుగా జరిగిపోతాయి. ఏది ముందు, ఏది వెనుక అనే ప్రశ్న రాదు. బరువు తగ్గించే శస్త్రచికిత్సలు జరిగే వార్డులో మాత్రం ఆ ప్రశ్న ప్రతిదినమూ వస్తుంది. అక్కడ పోషణను మిల్లీలీటర్లలో కొలవాలి. వినడానికి కొలత లేదు.

హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో అటువంటి వార్డును పదకొండేళ్లుగా చూసుకుంటున్న స్టాఫ్ నర్సు ఒకామె ఉన్నది. స్వస్థలం గుంటూరు జిల్లాలోని ఒక పల్లె. విందుభోజనాలలో ‘ఇంకొక్క గరిటె’ అనని వడ్డనను అవమానంగా భావించే ఇంట పుట్టి పెరిగినది. అటువంటి ఆమె వృత్తిలో ప్రవేశించి నేర్చుకున్న మొదటి పాఠం, దాహమని అలమటించే మనిషికి చిన్న మందు కప్పులో ముప్పై మిల్లీలీటర్ల నీళ్లు పోసి, “గుక్కెడు కాదమ్మా, చప్పరించినట్టు తాగండి. పావుగంట పట్టాలి” అని చెప్పడం.

ఈ నిగ్రహానికి కారణం శస్త్రచికిత్స స్వభావంలోనే ఉన్నది. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషీ ఈటో అనే ఇద్దరు వైద్యులు జీర్ణకోశానికి పక్కదారి కల్పించే పద్ధతిని ప్రారంభించారు. పుండ్ల కారణంగా జీర్ణకోశంలో కొంత భాగం తీసివేసిన స్త్రీలు తరువాత లావెక్కడం లేదని మేసన్ గమనించడం దానికి బీజం. నేడు ఎక్కువగా జరుగుతున్నది స్లీవ్ గాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణకోశంలో సుమారు నాలుగింట మూడు వంతులు తొలగించి, మిగిలిన దానిని అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంగా ఉంచుతారు. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోను అధికంగా ఉత్పత్తి అయ్యేది తొలగిపోయే ఆ భాగంలోనే. కనుక ఇది కేవలం సంచిని చిన్నది చేయడం కాదు, ఆకలి భాషనే మార్చడం. పొట్టపై నాలుగైదు చిన్న గాట్లతో పని ముగుస్తుంది. కాని లోపల లోహపు కుట్ల వరుస ఒకటి మానవలసి ఉంటుంది.

ఆ వార్డుకు ఒకసారి నలభై నాలుగేళ్ల ఉపాధ్యాయురాలు వచ్చారు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. మధుమేహం ఉన్నది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు కూడా ఉన్నది. ఎత్తుకూ బరువుకూ గల నిష్పత్తిని తెలిపే బీఎమ్ఐ ఆమెకు 47. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు సవరించిన సూచనల ప్రకారం అది 35 దాటినవారికి, ఇతర జబ్బులున్నా లేకపోయినా, ఈ చికిత్సను సూచించవచ్చు. ఆసియా ప్రజల విషయంలో 27.5 నుండే ఆలోచించవచ్చు.

చేరిన రోజున టీచరుగారు బరువు తూచుకోవడానికి ఎంతకూ లేవలేదు. నర్సు తొందరపెట్టలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నది. కొంతసేపటికి ఆవిడే చెప్పారు. మూడేళ్ల క్రితం మరొక ఊరి ఆసుపత్రిలో, మామూలు తూకపు యంత్రం చాలక, వంటశాలకు వచ్చే బియ్యం బస్తాలు తూచే కాటా మీద ఆవిడను నిలబెట్టారట. చుట్టూ ఉన్నవారు నవ్వారో లేదో ఆవిడకు గుర్తు లేదు. తాను తల ఎత్తలేదు కనుక చూడలేదు. అది విన్న తరువాత నర్సు తలుపు వేసి, తెర లాగి, పెద్ద బరువులకు పనికివచ్చే యంత్రాన్ని గదిలోకే తెప్పించింది. అంకెను పైకి చదవకుండా కాగితం మీద రాసుకున్నది.

రక్తపు పోటు చూసినప్పుడూ ఇటువంటిదే జరిగింది. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. పెద్ద పట్టీ తెచ్చి చూస్తే టీచరుగారి పోటు భయపడవలసినంత లేదు. చర్మపు మడతలలో చెమట నిలిచి ఒరిసిపోయిన చోట్లను రోగి సిగ్గుతో దాచుకున్నారు. వాటిని కడిగి, తడి లేకుండా అద్ది, మెత్తని గుడ్డ ఉంచడం కూడా ఆ రోజు పనులలో ఒకటి. ఈ పనులు ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఒక్కొక్క వాక్యంలో ముగుస్తాయి. రోగి దృష్టిలో మాత్రం, తనను మనిషిగా చూస్తున్నారా లేదా అనే విచారణకు అవే సాక్ష్యాలు.

శస్త్రచికిత్స జరిగిన నాటి సాయంత్రమే టీచరుగారిని లేపి నడిపించారు. కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరడం ఈ రోగులకు పెద్ద గండం. అందుకోసమే కాళ్లకు గాలితో బిగిసి సడలే తొడుగులు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు, వీటన్నిటినీ మించి నడక. మంచం తలభాగం ఎత్తి ఉంచడం, మూడు బంతుల స్పైరోమీటరును గంట గంటకూ పీల్పించడం, రాత్రి నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు తగిలించడం, మత్తు కలిగించే నొప్పి మందులను ఆచితూచి ఇవ్వడం, ఇవన్నీ క్రమం తప్పకుండా సాగాయి.

రెండవనాడు టీచరుగారి తల్లి కారియరుతో వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. తెల్లవారుజామున లేచి మెత్తని ఇడ్లీలు వేసి, పాలు కాచి తెచ్చారు. “సిస్టరమ్మా, రెండు రోజులైంది పిల్ల నోట్లో మెతుకు పడి. ఒక్క ఇడ్లీ పాలల్లో పిసికి పెడతానమ్మా” అని బతిమాలారు. కూతురు ‘పిల్ల’ కావడానికి వయసు అడ్డురాదు. నర్సు కాదనే ముందు ఆవిడను బెంచీ మీద కూర్చోబెట్టింది. “పెద్దమ్మగారూ, పచ్చి బాలింతరాలికి పథ్యం మీరు చెప్పలేదూ? ఇదీ అంతే. లోపల పచ్చిపుండు. కొన్నాళ్లు నీళ్లు, తరువాత పలుచని ద్రవాలు, ఆ తరువాత గుజ్జు. నెల దాటాక మెత్తని అన్నం మీ చేతితోనే పెడుదురుగాని” అని వివరించింది. శాస్త్రం చెవికి ఎక్కనిచోట పథ్యమనే పాత మాట పని చేసింది. పెద్దావిడ కారియరు మూత పెట్టారు.

మూడవనాటి రాత్రి పదకొండు గంటలకు టీచరుగారి నాడి 104 ఉన్నది. ఒంటిగంటకు 118. రెండు గంటలకు 124. జ్వరం స్వల్పం, నొప్పి పెద్దగా లేదు. పొట్ట తాకి చూస్తే మెత్తగానే ఉన్నది. ఎడమ భుజం మాత్రం లాగుతున్నదన్నారు. “ఏమిటో సిస్టర్, ఏదో సరిగా లేదు. ఏమిటని అడిగితే చెప్పలేను” అన్నారు. అదే మాట మూడుసార్లు అన్నారు.

లోపలి కుట్ల వరుసలో ఎక్కడైనా సందు ఏర్పడి జీర్ణరసాలు పొట్టలోకి కారడం ఈ శస్త్రచికిత్సలో అరుదైనదే కాని అతి భయంకరమైన ఉపద్రవం. సన్నని మనిషికైతే పొట్ట చెక్కలాగా బిగుసుకుని సంగతి చెబుతుంది. స్థూలకాయుల పొట్ట తరచు ఆ సాక్ష్యం చెప్పదు. తగ్గని నాడివేగం, ఎగవూపిరి, భుజం నొప్పి, కారణం చెప్పలేని కలత, ఇవే మొదటి కబుర్లు. రాత్రి డ్యూటీలోని యువవైద్యుడు నీరు తగ్గి ఉంటుందని భావించి సెలైన్ పెంచమన్నాడు. వికారం కూడా ఉన్నందువల్ల ముక్కు ద్వారా రైల్స్ గొట్టం వేయమన్నాడు. నర్సు సెలైన్ పెంచింది. గొట్టం మాత్రం వేయలేదు. కొత్త కుట్లున్న చోటికి చూపు లేకుండా గొట్టం దింపితే కుట్టు చీలవచ్చు. “సర్, సర్జన్‌గారిని అడిగి వేద్దాం. నేనే ఫోన్ చేస్తాను, మాట పడితే నేనే పడతాను” అన్నది.

సర్జన్ ఫోనులో విన్నది నాలుగు అంకెలు, రోగి చెప్పిన ఒక వాక్యం. ఆయన బయలుదేరారు. నాలుగు గంటలకు సీటీ స్కాన్ తీశారు. తెల్లవారకముందే మళ్లీ థియేటరుకు తీసుకువెళ్లారు. జీర్ణకోశపు పైకొసన, అన్నవాహికకు సమీపంలో, చిన్న రంధ్రం కనిపించింది. కడిగి, చెడునీరు బయటకు పోవడానికి గొట్టం అమర్చారు. ఆహారం ఇవ్వడానికి చిన్నపేగులోకి మరొక సన్నని గొట్టం వేశారు.

ఆ ఉదయం వరండాలో పెద్దావిడ నర్సు చేతులు పట్టుకుని ఏడ్చారు. ముందురోజు మధ్యాహ్నం ఎవరూ చూడకుండా కూతురి నోట్లో రెండు చెంచాల పాలు పోశానని, తన చేతులారా ప్రాణం మీదికి తెచ్చానని అన్నారు. నర్సు ఆ మాటను సర్జన్‌కు చెప్పి, ఆయన చేతనే ఆవిడకు సమాధానం చెప్పించింది. రెండు చెంచాల పాలకు ఆ కుట్టు విడిపోదు. అది తల్లి చేసిన తప్పు కాదు. ఆ సంగతి ఒక్క నర్సు నోటనే వింటే, తనను ఊరడించడానికి అన్నదని ఆవిడ అనుకుని ఉండేవారు.

టీచరుగారు ఇంటికి వెళ్లింది ఇరవై నాలుగవ రోజున. వెళ్లే ముందు నర్సు తల్లీకూతుళ్లిద్దరినీ కూర్చోబెట్టి ఒక గంట మాట్లాడింది. రోజుకు అరవై గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు తీసుకోవాలి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. బీ12, ఇనుము, కాల్షియం, డీ విటమిన్లు జీవితాంతం వాడాలి. విడవకుండా వాంతులైతే ఊళ్లో గ్లూకోజు సీసా ఎక్కించుకుని ఊరుకోకూడదు. శరీరంలో థయామిన్ అనే బీ1 విటమిన్ అడుగంటినప్పుడు, దానిని ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు హాని కలుగుతుంది. కనుక వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఈ చివరి మాటను పెద్దావిడ చేత రెండుసార్లు తిరిగి చెప్పించింది.

ఏడాదికి టీచరుగారి బరువు 79 కిలోలకు దిగింది. మధుమేహానికి వాడే మాత్రలు చాలావరకు తగ్గాయి. పరీక్షలకు వచ్చినప్పుడు ఆవిడ ఒక విచిత్రం చెప్పారు. “అప్పుడు ‘ఒళ్లు చేశావు’ అని బాధపెట్టినవాళ్లే ఇప్పుడు ‘చిక్కి సగమయ్యావు, ఏం జబ్బు?’ అని అడుగుతున్నారు సిస్టర్. నా మానాన నన్ను ఎప్పుడు ఉండనిస్తారో!”

శస్త్రచికిత్స జీర్ణకోశాన్ని మార్చగలదు కాని లోకం నోటిని మార్చలేదు. స్థూలకాయం తిండిపోతుతనానికి శిక్ష అనే నమ్మకం చదువుకున్నవారిలోనూ, తెల్లకోటు వేసుకున్నవారిలోనూ ఉన్నది. వంశలక్షణాలు, హార్మోన్లు, నిద్ర, మందులు, జీవనపరిస్థితులు అన్నీ కలిసి అల్లే జబ్బును సోమరితనమని తీర్పు చెప్పేసిన తరువాత, ఆ మనిషి చెప్పే తక్కిన మాటలు కూడా చెవికెక్కవు. నడవలేనంటే బద్ధకమనీ, నొప్పి అంటే గారాబమనీ, కలతగా ఉన్నదంటే భయమనీ అనిపిస్తుంది. ప్రాణాలు పోయేది ఆ సందులోనే.

ఆ వార్డుకు కొత్తగా వచ్చే నర్సులకు ఆమె యంత్రాల సంగతి ఆ తరువాత నేర్పుతుంది. మొదటి వారమంతా రోజుకొక రోగి పక్కన పావుగంట కూర్చుని, విన్నది విన్నట్టు రాసి చూపించమంటుంది. “మీకు తోచింది కాదు, వాళ్లు అన్నది రాయండి” అంటుంది. కొందరు మొదట విసుక్కుంటారు. నాడి చూడడం నేర్పమని అడుగుతారు. నేర్పేది అదేనని వారికి తెలియడానికి ఒకటి రెండు రాత్రి డ్యూటీలు పడుతుంది.