శనివారం పీహెచ్‌డీ

‘అక్కా, జాబ్ చేస్తూ పీహెచ్‌డీ చేయొచ్చా?’ ప్లేస్‌మెంట్ల సీజన్ వస్తే చాలు, ఈ మెసేజ్ కనీసం నలుగురు పెడతారు. చేయొచ్చు అనే అంటాను. ఎలా అంటే మాత్రం కాస్త చెప్పాలి.

పార్ట్‌టైమ్‌లో చేరాలంటే కంపెనీ నుంచి ఎన్‌ఓసీ కావాలి. ఉద్యోగం పోను పరిశోధనకు తగినంత సమయం మిగులుతుందని నా ఎన్‌ఓసీలో రాసి ఉంది. దాని మీద సంతకం పెట్టిన మేనేజర్ గారే ఆ సాయంత్రం ఫోన్ చేసి, ఆదివారం సైట్‌కి వెళ్తావా అని అడిగారు.

జీడిమెట్లలో ఒక పంపుల కంపెనీలో టెస్టింగ్, సర్వీసు నా పని. శనివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగుతా. భువనగిరి గుట్ట దాకా ఆఫీసు మెయిల్స్, జనగామ దాటాక రీసెర్చ్ పేపర్లు. మధ్యలో ఆలేరు దగ్గరే నిద్ర పట్టేస్తుంది, అది వేరే సంగతి. ఫుల్‌టైమ్ అయితే నెలకు 37,000 ఫెలోషిప్ వచ్చేది. కానీ ఇంటి లోను నా జీతం మీదే నడుస్తోంది. ‘నౌకరి ఉన్నది కద బిడ్డా, మళ్ల ఈ సదువెందుకు?’ అంటుంది అమ్మ.

నా టాపిక్ బేరింగ్ లోపాలను వైబ్రేషన్ బట్టి పట్టుకోవడం. ఈ దారిలోకి వచ్చిన వాళ్లంతా మొదట డౌన్‌లోడ్ చేసేది అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ డేటా. 2 హార్స్‌పవర్ మోటారు, 6205 బేరింగ్, దానికి స్పార్కుతో కావాలని పెట్టిన గుంటలు. గుంట బయటి రింగు మీద ఉంటే షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేసరికి సుమారు 3.58 దెబ్బలు, లోపలి రింగు మీదైతే 5.42. రెండూ కలిపితే 9, సరిగ్గా బాల్స్ సంఖ్య! ఈ లెక్క కుదిరిన రోజు ఎంత సంబరపడ్డానో. మొదటి రివ్యూలో నా మోడల్ 99 శాతం కరెక్ట్ అని గర్వంగా చెప్పుకున్నా.

ఆ నెలలోనే ఒక సైట్‌లో పంపు అరుస్తోందని పిలిచారు. సెన్సర్ పెట్టి మోడల్ నడిపితే ‘బయటి రింగు’ అంది. బేరింగ్ మార్చాలని చెప్పబోతున్నా. అక్కడి ఫిట్టర్ పెద్దాయన పొడుగు స్క్రూడ్రైవర్ కొనను బేరింగ్ హౌసింగ్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. ‘గ్రీజు లేదమ్మా. బేరింగ్ మంచిగనే ఉన్నది’ అన్నాడు. గ్రీజు కొట్టాం. కాసేపటికి అరుపు తగ్గింది.

నా మోడల్‌కి తెలిసినవి నాలుగే గదులు: మంచి బేరింగ్, లోపలి రింగు, బయటి రింగు, బాల్. గ్రీజు ఎండిన బేరింగ్ వస్తే ‘నాకు తెలీదు’ అనే వీల్లేదు, ఏదో ఒక గదిలోకి తోసేయాల్సిందే. నా థీసిస్‌కి అసలు ప్రశ్న ఆ రోజు దొరికింది. ఉద్యోగం లేకపోతే దొరికేది కాదు.

చిక్కూ అక్కడే. ఆ రీడింగులు నావి కావు. కంపెనీవి కూడా కావు, కస్టమర్‌వి. అడిగితే ఆలస్యమవుతుందని, అడక్కుండానే తర్వాతి రివ్యూ స్లైడ్లలో ఆ గ్రాఫ్ పెట్టేశా. ప్లాంటు పేరు తీసేశాగా అనుకున్నా. ముందురోజు రాత్రి గైడ్ గారు చూసి ‘పర్మిషన్ ఉందామ్మా?’ అన్నారు. లేదన్నాను. ‘అయితే తీసెయ్.’ అంతే. కోప్పడి ఉంటే బాగుండేది. మర్నాడు చూపించడానికి పాత 99 శాతమే మిగిలింది. ‘ఈ ఆరు నెలల్లో కొత్తగా ఏం చేశారు?’ అని కమిటీలో ఒక మేడమ్ అడిగారు. చేశాను గానీ చూపించలేను అని ఎలా చెప్పను?

సోమవారం మేనేజర్ గారికి జరిగింది జరిగినట్టు చెప్పా. అందుకు లంచ్ దాకా ధైర్యం చాలలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ‘కస్టమర్‌ని అడుగుదాం. రాసిచ్చేదాకా ఒక్క ఫైలు కూడా నీ లాప్‌టాప్‌లో ఉండొద్దు’ అన్నారు. ఆయన ముందే డిలీట్ చేశా. మెయిల్ వెళ్లి పదకొండు వారాలైంది.

ఈలోగా ల్యాబ్‌లో చిన్న రిగ్ కడుతున్నా. కొత్త బేరింగ్ కొని, గ్రీజంతా కిరోసిన్‌తో కడిగేసి తిప్పడం. పాడుచేయడానికే బేరింగులు కొనేదాన్ని నిన్నే చూశామని ల్యాబ్‌మేట్స్ నవ్వుతున్నారు. పోయిన శనివారం ఆ ఫిట్టర్ పెద్దాయనకి ఫోన్ చేసి, గ్రీజు ఎండేటప్పుడు మొదట వచ్చే చప్పుడు ఎలా ఉంటుందని అడిగా.

‘ఫోన్ల ఎట్ల చెప్పాలమ్మా, వచ్చి విను’ అన్నాడు.

ఈ ఆదివారం వెళ్తున్నా. పర్మిషన్ ఇంకా రాలేదు కాబట్టి సెన్సర్ తీసుకెళ్లడం లేదు.