బుడగను ఎవరు చూశారు?

మా తమ్ముడు విశాఖపట్నంలో నౌకాదళ డైవర్. సెలవులకు హనుమకొండ వస్తే మా పిల్లలు ముందుగా అడిగేది షార్కుల గురించే. "షార్క్ కాదురా, నాకు భయం చిన్న గాలి బుడగంటే" అంటాడు వాడు. ఆ బుడగ సంగతేమిటో తెలుసుకుందామని నేనూ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయీ కూర్చున్నాం.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర అది ఒడ్డున ఉన్నదానికి నాలుగు రెట్లు. ఆ ఒత్తిడికి, పీల్చే గాలిలోని నత్రజని రక్తంలోనూ కొవ్వులోనూ ఎక్కువగా కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితో బయటికి పోతుంది. గబగబా వస్తే గోలీ సోడా కొట్టినట్టే, ఒంట్లోనే బుడగలు లేస్తాయి. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి కాళ్లు చచ్చుబడటం కూడా. ఇదే డీకంప్రెషన్ సిక్‌నెస్.

"ఒంట్లో బుడగ ఉందని ఎవరు చూశారమ్మా?" అంది అమ్మాయి.

చూసిన మొదటివాళ్లలో ఒకరు బాయిల్ నియమం చెప్పిన రాబర్ట్ బాయిలే. ఒక విషసర్పాన్ని గాజు పాత్రలో పెట్టి గాలి తోడేస్తుంటే, దాని కంట్లో ఒక బుడగ అటూ ఇటూ కదలడం గమనించి 1670లో రాశాడు. కన్ను పారదర్శకం కాబట్టి అది కనిపించింది. ఆ తర్వాతి శాస్త్రవేత్తలు కూడా అలాంటి కిటికీల కోసమే వెతికారు. కోపెన్‌హాగెన్‌లో ఎలుకల కొవ్వు కణజాలంలో చిన్న గాలి బుడగలు పెట్టి సూక్ష్మదర్శినితో గంటల తరబడి చూశారు. ఆక్సిజన్ పీలిస్తే బుడగలు చివరికి కుంచించుకుపోయి మాయమవడం కంటికి కనిపించింది. కణజాలం నుంచి బుడగలోకి వెళ్లే చోట కాంతి వంగుతుంది. అందుకే బుడగ అంచు నల్లటి వలయంలా తేలుతుంది. పదో తరగతిలో చదివే వక్రీభవనమే ఇది.

అయితే కాంతి మాంసంలో లోతుకు పోలేదు. మనుషుల్లో రక్తంతో కదిలే బుడగలను డాప్లర్ అల్ట్రాసౌండ్‌తో పట్టుకుంటారు. అప్పుడు తేలిందేమిటంటే, ఏ నొప్పీ లేని డైవర్ల రక్తంలోనూ బుడగలు ఉంటాయి. "నాకేం కాలేదు" అన్న మాట ఒక్కటే చాలదు. అందుకే పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఎక్కడ ఎంతసేపు ఆగాలో పట్టికలుంటాయి. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. అలాంటి నౌకల నుంచి బాగా లోతుకు దిగి పనిచేసేవాళ్లను మామూలు పీడనానికి తేవడానికి రోజులే పడుతుంది.

ఇదంతా చదివాక, తల్లిగా నేను ఒక మాట దగ్గర ఆగాను. పరీక్షల ఒత్తిడిలోంచి వచ్చిన పిల్లలు కూడా "బాగానే ఉన్నా" అనే అంటారు. తినకుండా మిగిల్చిన లంచ్ బాక్సు, తగ్గిన నిద్ర, మానేసిన ఆట: మనం చూడగలిగే కిటికీలు ఇవే. ఆఖరి పేపరు రాసొచ్చిన సాయంత్రమే తర్వాతి కోచింగ్ మాట ఎత్తకండి. పైకి రావడానికి వాళ్లకూ కొంత సమయం ఇవ్వండి.