మూత లోపలి గీతలు

చీరలమీద మోజున్న ఆడవాళ్ళున్నారు. స్టీలు సామాన్లమీద మోజున్నవాళ్ళున్నారు. పాత బట్టలిచ్చి ప్లాస్టిక్ బకెట్టు బేరమాడి తీసుకుంటే తప్ప ఆ పూట అన్నం సయించనివాళ్ళూ ఉన్నారు. కానీ వాచీల పిచ్చి ఉన్న ఆడదాన్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే, ఇదుగో, ఇది రాస్తున్న నేనే. అవీ బాటరీ వాచీలు కావు. రోజూ పొద్దున్నే కీ ఇస్తే తప్ప నడవని స్విస్ వాచీలు.

"టైము చూసుకోడానికి సెల్‌ఫోను లేదూ? ఇన్నెందుకే నీకు?" అంటారు మావారు.

లేకేం, ఉంది. దాహం తీరడానికి బిందెడు మంచినీళ్ళుండగా రోజుకి నాలుగుసార్లు కాఫీ ఎందుకండీ అని నేనడిగితే మాత్రం పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు.

నిజం చెప్పాలంటే ఈ పిచ్చికి విత్తనం వేసింది ఆయనే. 1974లో మా పెళ్ళిలో ఆయన అలకపాన్పు ఎక్కారు. అలకంటే వేడుకేగా, ఏ ఉంగరంతోనో తీరిపోతుందనుకున్నాం. మావారి కన్ను మాత్రం మా నాన్నగారి చేతి వాచీమీద పడింది. అది ఒమేగా. తెనాలిలో హైస్కూలు మాస్టారికి ఒమేగా ఎక్కడిదంటారా? 1956లో సింగపూరు నుంచి వచ్చినప్పుడు ఆయన మేనమామ తెచ్చిచ్చారు. చుట్టూ చేరిన ఆడవాళ్ళంతా నవ్వుతున్నారు. నాన్నగారూ నవ్వుతూనే బెల్టు విప్పి అల్లుడి చేతికి పెట్టారు. ఆయన మణికట్టుమీద తెల్లగా ఒక పట్టీ మిగిలింది. పెళ్ళిపీటలమీద మంగళసూత్రం ఎలా కట్టించుకున్నానో సరిగా గుర్తు లేదు గానీ, ఆ తెల్లటి పట్టీ మాత్రం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది.

ఆ తరవాత నాన్నగారు చాలాకాలం ఉత్త చేతిని చూసుకునేవారు. అలవాటు! చూసుకుని, నాలిక్కరుచుకుని, ఎవరినో "టైమెంతయిందిరా" అని అడిగేవారు. 1976లో నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చాక, మొదటి జీతంతో ఆయనకి హెచ్.ఎం.టి. జనతా కొనిచ్చాను. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో మొదలెట్టిన ఫాక్టరీ వాళ్ళది. అల్లుడి చేతికి అదే, ఆఫీసరు చేతికి అదే, ఆ రోజుల్లో. నాన్నగారు దాన్ని 1991లో పోయేదాకా పెట్టుకున్నారు.

ఇక ఆ ఒమేగా సంగతి. మావారు పద్నాలుగేళ్ళు దర్జాగా పెట్టుకు తిరిగి, 1988లో క్వార్ట్జ్ వాచీ కొనుక్కున్నారు. కీ ఇవ్వక్కర్లేదు, టైము తప్పదు. ఆయన్ననేం లాభం? 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో వాళ్ళు మొట్టమొదటి క్వార్ట్జ్ రిస్టువాచీ అమ్మకానికి పెట్టినప్పటినుంచీ లోకమంతా అటే పోయింది. స్విట్జర్లాండ్‌లో వాచీ పనివాళ్ళు 1970 ప్రాంతంలో తొంభై వేలమంది ఉంటే, 1980ల నడిమికి ముప్ఫై వేల చిల్లరకి దిగిపోయారు. అన్ని ఇళ్ళల్లో పొయ్యి ఆర్పేసిన క్వార్ట్జ్ మా ఇంట్లో ఒక్క ఒమేగాని బీరువాలోకి తోసింది, అంతే. వెండి కుంకుమభరిణ పక్కన పాతికేళ్ళు పడుంది.

2013లో రిటైరయ్యాక బీరువా సర్దుతుంటే చేతికి దొరికింది. కీ తిప్పితే కదల్లేదు. హైదరాబాదు పాతబస్తీలో ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత తీశాడు. లోపల బియ్యపుగింజంత చక్రాలు, మధ్య మధ్య దానిమ్మగింజల్లా ఎర్రటి రాళ్ళు. పదిహేడు జువెల్సంటే అవేనట, పళ్ళచక్రాల ఇరుసులు అరిగిపోకుండా. నడుస్తున్న రోజుల్లో అందులో బాలెన్సు చక్రం సెకనుకి అయిదుసార్లు కొట్టుకుంటుంది. రోజుకి నాలుగు లక్షల ముప్ఫై రెండు వేలసార్లు. మనిషి గుండె కూడా అన్నిసార్లు కొట్టుకోదు!

"ఇటు చూడున్రి అమ్మా," అని మూత లోపలి వైపు చూపించాడు. వెలుతురుకి వంచితే సన్నగా సూదితో గీసిన అంకెలు. "సర్వీసు చేసినోడల్లా తారీఖు గీస్తడు. గిది వాచీ జాతకం."

59, 62, 65, 68, 71.

నేనక్కడే స్టూలుమీద కూలబడ్డాను. చిన్నప్పుడు మూడేళ్ళకోసారి వేసవి సెలవుల్లో నాన్నగారు ఒక్కరే బెజవాడ వెళ్ళి, సాయంత్రానికి బిస్కెట్ల పొట్లంతో తిరిగొచ్చేవారు. ఎందుకెళ్ళేవారో మాకెవరికీ తెలీదు. బిస్కెట్లు చాలు మాకు. ఆ లెక్కన మళ్ళీ వెళ్ళాల్సింది 74లో. ఆ ఏడే నా పెళ్ళి. ఆ తరవాత గీత లేదు. పద్నాలుగేళ్ళు మావారి చేతిమీద ఉన్నా ఒక్కటంటే ఒక్క గీత లేదు.

ఇంటికొచ్చి ఆయన్నేమీ అనలేదు. కానీ మనసులో మాత్రం ఒక గీత గీసుకున్నాను.

వాచీ బాగై వచ్చాక, దానికో తోడుంటే బావుండుననిపించింది. ఆ తోడుకి ఇంకో తోడు. ముగ్గు మొదలెట్టిన చెయ్యి ఒక్క చుక్కతో ఆగుతుందా? మొదట కొన్నది పాత లాంజీన్. మొహం కొత్త పెళ్ళికూతుర్లా తళతళలాడుతుంటే మురిసిపోయి కొన్నాను. మెకానిక్కు చూసి నవ్వాడు. డయలుకి మళ్ళీ రంగేసి, అక్షరాలు అచ్చేసి, వేరే వాచీ ముళ్ళు తగిలించారట. పాత వాచీకి పాత మొహమే అందం. మచ్చలున్నా అసలు డయలుదే విలువ అన్నాడు. ఆ రోజునుంచీ నేను జుట్టుకి రంగెయ్యడం మానేశాను. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను: వెనక మూత తీసి చూపించనివాడి దగ్గర వాచీ కొనకూడదు.

"ఆడదానివి, నీకీ వాచీలేమిటే" అన్నారు మా ఆడపడుచుగారు. అసలు రిస్టువాచీ ముందు మనదే సుమండీ! నెపోలియన్ చెల్లెలు, నేపుల్స్ రాణి కారొలీన్ 1810లో పారిస్‌లోని బ్రెగే చేత చేతికి కట్టుకునే వాచీ చెయ్యమని పురమాయిస్తే, అది 1812కి తయారైంది. మగవాళ్ళు జేబు గడియారాలతో తిరుగుతూ, చేతికి కట్టుకోడం ఆడంగితనమనుకునేవాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధంలో ఒక చేత్తో తుపాకీ పట్టుకుని రెండో చేత్తో జేబు తడుముకోలేక, అప్పుడు దారికొచ్చారు. 1927 అక్టోబరులో ఇంగ్లీషు చానల్లో ఈదుతూ రోలెక్స్ ఆయిస్టర్ వాచీలోకి నీళ్ళు దూరవని లోకానికి చూపించింది కూడా మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఆడమనిషే. దాన్ని మెడలో వేసుకుని చన్నీళ్ళల్లో గంటల తరబడి ఈదింది.

ఈ కథ చదివాక నాకూ ఒక రోలెక్స్ కావాలనిపించింది. 2018లో నాలుగు తులాల గాజులు రెండు అమ్మి, దాచుకున్న పెన్షను డబ్బు కలిపి, పాతదొకటి కొన్నాను. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. "గాజులమ్మి వాచీ కొంటావా అమ్మా!" అని మా అమ్మాయి ఫోనులో ఏడ్చినంత పని చేసింది. ఆ గాజులు నా జీతంతో నేను చేయించుకున్నవి. లాకర్లోంచి ఏడాదికోసారి బయటికొచ్చేవి. అప్పుడు తులం ముప్ఫై వేల చిల్లర. 2025లో లక్ష దాటింది. దాటినరోజు మావారు పొద్దున్నే పేపరు తెచ్చి, నా కంచం పక్కన, ఆ వార్త పైకి కనపడేట్టు మడిచి పెట్టారు. లెక్కలో ఓడిపోయానని ఒప్పేసుకున్నాను. వాచీ కొంటే లాభమొస్తుందని మీకెవరైనా చెబితే నమ్మకండి. ఇష్టముంటే కొనండి, అంతే.

అలా అలా వాచీలు పదకొండయ్యాయి. పదకొండింటికీ రోజూ కీ ఇవ్వడం ఎవరివల్ల అవుతుంది? నాలుగు నడిస్తే ఏడు నిద్రపోయేవి. కీ ఇవ్వకపోయినా లోపల నూనె ఆరిపోతూనే ఉంటుంది; ఆరిన నూనెమీద నడిపిస్తే ఇరుసులు అరిగిపోతాయి. సర్వీసింగంటే ఒక్కొక్కదానికీ వేలల్లో మాట. "వచ్చే నెల చూద్దాం" అని వాయిదా వేస్తూ వచ్చాను.

2022లో టిసో ఒకటి ఆగిపోతే తీసుకెళ్ళాను. మూత తీసి వెలుతురుకి వంచాడాయన. ముందెవరిదో ఆ వాచీ, నాకు తెలీదు, ఆరు తారీఖులున్నాయి. నేను కొన్న తరవాత ఒక్కటీ లేదు.

ఆయనేమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. ఇన్నేళ్ళుగా మావారిమీద మనసులో గీసుకున్న గీత గుర్తొచ్చింది. నాన్నగారికి ఒక్క వాచీయే ఉండేది. మూడేళ్ళకోసారి బెజవాడ వెళ్ళేవారు. నాకు పదకొండున్నాయి, పాతబస్తీకి వెళ్ళడానికి బద్ధకం. కొన్నవాళ్ళదా వాచీ, చూసుకున్నవాళ్ళదా? మీరే చెప్పండి.

ఆ ఏడు అన్నీ బాగుచేయించి, అయిదింటిని అమ్మేశాను. కొన్నవాళ్ళకి మూతలు తీయించి మరీ చూపించాను. మిగిలినవి ఆరు. రోలెక్స్ ఉంది. నాన్నగారి జనతా ఉంది. ధరకి చిన్నదే గానీ ఒమేగా పక్కనే దాని చోటు. అన్నట్టు, 2016లో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసెయ్యడానికి కేంద్రం ఒప్పుకుందని చదివిన పొద్దున దానికి రెండు చుట్లు ఎక్కువే కీ ఇచ్చాను. ఆరింటికి నా వేళ్ళకి ఓపికుంది, నా పెన్షనుకీ ఉంది. అదే నా కలెక్షను కొలత.

పోయినేడు ఒమేగా సర్వీసుకివ్వాల్సిన సమయానికి నా మోకాళ్ళు మొరాయించాయి. వచ్చే నెల చూద్దామన్నాను. మావారు ఏమీ అనకుండా దాన్ని జేబురుమాల్లో చుట్టుకుని బస్సెక్కి పాతబస్తీకి వెళ్ళారు. మళ్ళీ రెండు వారాలకి వెళ్ళి తెచ్చారు. బల్లమీద పెడుతూ, "మూత లోపల మీ నాన్నగారి కింద తారీఖు గీశాడు. నన్ను చూడమన్నాడు, చూశాను," అన్నారు.

అంతకన్నా ఏమీ అనలేదు. కాసేపు ఆ వాచీనే చూస్తూ కూర్చుని, తరవాత జేబులోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టారు.

బిస్కెట్లు.