ఫిర్యాదు మావాడి మీదే!

పోయిన ఏడాది దసరా సెలవులకి ముందు మా అబ్బాయి క్లాస్ టీచర్ ఫోన్ చేసి, ఒకసారి స్కూలుకి రమ్మన్నారు. అప్పుడు వాడు ఏడో తరగతి. ఎవరో వీణ్ణి కొట్టి ఉంటారని నాకు నేనే అనేసుకున్నాను. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వెళ్ళేదాకా ఆటోలో కూర్చుని, వాళ్ళని ఎలా నిలదీయాలా అనే ఆలోచన.

తీరా వెళ్తే ఫిర్యాదు మావాడి మీదే!

క్లాసులో ఒక బాబుకి మాట కాస్త తడబడుతుందట. మావాడు అతనికి 'రిపీట్' అని పేరు పెట్టాడు. క్లాసంతా అందుకుంది. ఆ బాబు అటెండెన్స్ పిలిచినా పలకడం మానేశాడు. కడుపునొప్పి అంటూ ఆరు రోజులు బడికే రాలేదు.

"మావాడు అలాంటివాడు కాదండీ" అన్నాను.

"ప్రతి అమ్మా ఇదే అంటుందమ్మా. మీవాడు చెడ్డవాడని నేనూ అనట్లేదు. కానీ ఆ పిల్లాడి బాధ నిజం కదా" అన్నారావిడ. తల దించుకున్నాను.

రాత్రి అడిగితే మావాడు తేలిగ్గా, "మనింట్లో కూడా నవ్వుకుంటాం కదమ్మా" అన్నాడు. నిజమే. మేం సరుకులు తెచ్చుకునే కొట్టతనికి నత్తి. మావారు భోజనాల దగ్గర అతన్ని అనుకరిస్తే అందరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ నవ్వే వీడి వెంట బడికి వెళ్ళింది.

మావారు కోపంతో చెయ్యెత్తారు. నేను అడ్డం వెళ్ళాను. టీచర్ ముందే చెప్పారు: "కొట్టకండి. బలమున్నవాడు ఏమైనా చెయ్యచ్చని ఇంకోసారి నేర్పినట్టవుతుంది." కాసేపటికి మావారే, "తప్పు నాదిరా. ఇక మనింట్లో ఎవర్నీ వెక్కిరించం" అన్నారు.

ఆదివారం వాణ్ణి తీసుకుని అశోక్ నగర్‌లో ఆ బాబు వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ చాలాసేపు కూర్చోమని కూడా అనలేదు. చివరికి, "మావాడు ఫోన్లో అమ్మమ్మతో కూడా మాట్లాడటం మానేశాడండీ" అంది. నాకు ఏం అనాలో తోచలేదు. మావాడు మాత్రం ఏడ్చేశాడు.

తర్వాత టీచరూ మేమూ పని పంచుకున్నాం. క్లాసులో ఎవరికీ మారుపేర్లు పెట్టకూడదని ఆవిడ కట్టడి చేశారు. పక్కన ఉండి నవ్వేవాళ్ళదీ తప్పేనని పిల్లలకి చెప్పారు. అసలు వెక్కిరింతలు ఎక్కువగా స్కూలు ఆటోలోనట! అక్కడ టీచరూ ఉండదు, అమ్మా ఉండదు. అందుకని ఆటో అతనికి కూడా చెప్పి ఉంచాం. ప్రతి శనివారం టీచర్‌కి రెండు నిమిషాలు ఫోన్ చేసి కనుక్కునేదాన్ని.

నార్వేలో 1980లలో డాన్ ఓల్వేయస్ అనే ప్రొఫెసర్ ఇలాంటి పద్ధతే పెట్టారని తర్వాత చదివాను. అందులో టీచర్లకీ, తల్లిదండ్రులకీ, చూస్తూ ఊరుకునే పిల్లలకీ తలా ఒక పని ఉంటుంది. మన దగ్గరా సీబీఎస్ఈ 2015లో తన స్కూళ్ళకి ఈ వేధింపుల గురించి మార్గదర్శకాలిచ్చింది. బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా హింసించడం కూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అయితే మన భోజనాల బల్ల దగ్గరికి ఏ చట్టమూ రాదు కదా!

పొద్దున్నే కడుపునొప్పి, ముట్టని టిఫిన్ బాక్స్, తరచూ పోయే పెన్సిళ్ళు, ఆటో ఎక్కనని మారాం... ఇవి కనబడితే తిట్టకుండా మెల్లగా అడగండి. పిల్లాడు చెప్పింది తేదీలతో రాసుకుని టీచర్ని కలవండి. మరీ ఇబ్బందైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉండనే ఉంది. అలాగే మన పిల్లల సంచీలో మనం కొనని వస్తువు కనబడినా, నోట ఇంకొకరి మారుపేరు వినబడినా ఆరా తియ్యాలి. ఇది మనకి కష్టమే, తప్పదు.

ఇప్పుడు ఇద్దరూ ఎనిమిదో తరగతి. ప్రాణస్నేహితులేం కాలేదు. కానీ ఆ బాబు అటెండెన్స్‌కి పలుకుతున్నాడట, నాకు అదే పదివేలు. కొట్టతను మాట పూర్తిచేసేదాకా మావాడూ ఓపిగ్గా నిలబడుతున్నాడు.

మీరూ ఒకసారి చూసుకోండి, మీ ఇంట్లో ఎవర్ని చూసి నవ్వుకుంటున్నారో!